ఫలానావాడి భార్య: మొరీషస్ చెరకు తోటల్లో ఆడకూలీల జాడ వెతుకుతూ

బుధవారం, పోర్ట్ లూయీ

పొద్దున్న తొమ్మిదింటికి ఆప్రవాసీ ఘాట్ గేటు తీశారు. మన దేశం నుంచి వచ్చిన కూలీలను ఒకప్పుడు ఓడ దింపుకున్న డిపో ఇది. రేవు ఒడ్డున నల్లటి లావా రాతి గోడలు కొన్ని, ఒక వంటశాల ఆనవాలు, ఆసుపత్రి గదులు, మరుగుదొడ్ల వరస, లోపలికి వచ్చే వాకిలి, నీళ్ళ వైపు నుంచి పైకి ఎక్కే రాతిమెట్లు. ఉన్నదంతా 1,640 చదరపు మీటర్లు. ఒకప్పటి డిపోలో సగం కూడా మిగల్లేదు. మిగతాదాని మీద రోడ్లు, కొత్త కట్టడాలు వచ్చేశాయి. గోడ అవతలే పెద్ద రహదారి, లారీల మోత ఆగదు. ఓడ దిగిన ప్రతి మనిషీ ఈ మెట్ల మీదుగానే పైకి రావాలి. రెండు రోజులు ఇక్కడ ఉంచి, పేరు రాసి, నంబరు ఇచ్చి, ఏ తోటకి పోవాలో చెప్పి పంపించేవారు.

1834 నవంబరు 2న అట్లస్ అనే ఓడ కలకత్తా నుంచి 36 మంది కూలీలను తెచ్చి ఈ ఊళ్ళో దింపింది. బానిసత్వాన్ని రద్దు చేస్తూ బ్రిటన్ 1833లో చట్టం చేసింది. అది ఈ దీవిలో 1835 ఫిబ్రవరి 1న అమలయింది. పరిహారం యజమానుల చేతికి వెళ్ళింది. మడగాస్కర్ నుంచి, మొజాంబిక్ నుంచి పట్టుకొచ్చిన మనుషులకి దమ్మిడీ దక్కలేదు. వాళ్ళు చెరకు తోటల్ని వదిలి వెళ్ళిపోతుంటే, ఆ చోట నిలబెట్టడానికి మన దేశం నుంచి ఐదేళ్ళ ఒప్పందం మీద మనుషుల్ని తెచ్చారు. 1910 దాకా అలా వచ్చినవాళ్ళు దాదాపు నాలుగున్నర లక్షలు. ఈ డిపోని 1849లో ఇక్కడ పెట్టారు. 2006లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ స్థలాల్లో చేర్చింది.

మాది కాకినాడ. కోరంగి మాకు కూతవేటు దూరం. మడ అడవి చూడ్డానికి, పడవెక్కడానికి పిల్లల్ని తీసుకెళ్ళే చోటు. ఈ దీవిలో తెలుగువాళ్ళని చాలాకాలం కోరంగీలనే పిలిచారు. ఆ రేవు పేరే వాళ్ళకి జాతి పేరైంది. 1832-33లో నందన కరువు గుంటూరు సీమని తుడిచిపెట్టింది. 1839 నవంబరు తుపాను కోరంగి రేవునే ముంచేసింది. తిండి లేనివాడికి, ఇల్లు పోయినదానికి కూలీల్ని పోగుచేసే మేస్త్రీ చెప్పే మాట తియ్యగానే ఉంటుంది. మా వైపు ఏ పాత ఇంట్లో అడిగినా రంగం (రంగూన్) వెళ్ళొచ్చిన తాతల కథ ఒకటి దొరుకుతుంది. మొరీషస్ వెళ్ళిన ముత్తవ్వ కథ మాత్రం నేనెక్కడా వినలేదు. వెళ్ళినవాళ్ళు తిరిగి రాకపోతే కథ చెప్పేవాళ్ళు ఉండరు. ఈ ప్రయాణం వాళ్ళ కోసం.

గైడు ఒక నడివయసు మనిషి. ఓపికగా అన్నీ చూపించాడు. "ఆడవాళ్ళు ఎక్కడ ఉండేవారు?" అని అడిగాను. ఆయన కాసేపు ఆగి, "అందరితోపాటే, మేడమ్. ఒంటరిగా వచ్చినవాళ్ళని కొన్నాళ్ళు డిపోలోనే ఉంచేవారు. తోటల నుంచి మగవాళ్ళు పెళ్ళాం కావాలని ఇక్కడికి వచ్చేవారు" అన్నాడు. అంటే ఈ వాకిట్లో పని ఒప్పందాలే కాదు, పెళ్ళి ఒప్పందాలు కూడా జరిగాయి. దొర ముందు నిలబడి పేరు చెప్పి, పక్కనున్న కొత్త మనిషితో బండెక్కి వెళ్ళిన ఆడది ఆ రాత్రి ఏ ఊళ్ళో నిద్రపోయిందో తనకే తెలిసుండదు.

మొదటి ఐదేళ్ళలో వచ్చిన పాతిక వేల మందిలో ఆడవాళ్ళు నూటికి ఇద్దరు ముగ్గురికి మించలేదు. తోటల వాళ్ళకి కావలసింది కండలు. పిల్లల్ని కనే మనిషి వాళ్ళ లెక్కలో ఖర్చు. దాంతో దీవిలో గొడవలు, హత్యలు పెరిగాయని ఇంగ్లండు నుంచి ఒత్తిడి వచ్చాక ఓడకి ఇంతమంది ఆడవాళ్ళుండాలని నిబంధన పెట్టారు. చివరికి వలస కాలనీలన్నిటికీ నూరుగురు మగవాళ్ళకి నలభై మంది ఆడవాళ్ళన్న లెక్క స్థిరపడింది. ఆ నలభై నిండకపోతే ఓడ కదలదు. కాబట్టి రేవుల్లో, సంతల్లో, యాత్రాస్థలాల్లో ఒంటరిగా కనబడిన ఆడదాని వెంట ఏజెంట్లు పడ్డారు. వితంతువులు, మొగుడు వదిలేసినవాళ్ళు, మొగుణ్ణి వదిలేసినవాళ్ళు, కరువులో ఇంటివాళ్ళందరినీ పోగొట్టుకున్నవాళ్ళు ఓడలెక్కారు. ఆ తర్వాత అదే ప్రభుత్వపు అధికారులు, వచ్చిన ఆడవాళ్ళు మంచివాళ్ళు కారని నివేదికలు రాశారు. నాకు ఇది చదివినప్పుడల్లా ఒళ్ళు మండుతుంది.

వాళ్ళలో ఒకరి మాట మాత్రం కాగితం మీద నిలిచింది. బీబీ జుహూరన్. కూలీల వలస మీద 1838లో కలకత్తాలో జరిగిన విచారణలో సాక్ష్యం చెప్పిన ఆడమనిషి. ఆశపెట్టి తనను ఓడ ఎక్కించారని, ఇక్కడ దొర ఇంట్లో చాకిరీ చేయించుకున్నారని, జీతం ఇవ్వలేదని, దొర తనను ఉంచుకుంటానంటే ఒప్పుకోలేదని ఆమె అధికారుల ముందు చెప్పింది. తిరిగి వెళ్ళాక ఇంట్లోవాళ్ళు, ఊళ్ళోవాళ్ళు ఏమంటారో తెలిసి కూడా చెప్పింది. అలాంటి విచారణల తర్వాతే కొన్నేళ్ళు వలస ఆగింది. 1842లో మళ్ళీ తెరిచారు. ఘాట్ మెట్ల మీద కూర్చున్నంతసేపూ నాకు ఆవిడే గుర్తొచ్చింది. ఆ రెండు మూడేళ్ళ చాకిరీకి ఆవిడకి దక్కింది అక్కడ కూర్చుని మాట్లాడే వీలొక్కటే. దాన్ని వదులుకోలేదు.

మధ్యాహ్నం సెంట్రల్ మార్కెట్‌లో ధోల్ పూరీ తిన్నాను. పప్పు రుబ్బి కూరిన మెత్తటి రొట్టె, పైన చిక్కుడు గింజల కూర, పచ్చిమిరప పచ్చడి. కూరగాయల వరసలో మునగాకు కట్టలు, కరివేపాకు, గోంగూరలాంటి ఆకులు. విత్తనాలు ఓడలో ఎవరి కొంగున మూటగట్టుకుని వచ్చాయో గాని, వాటిని పెరట్లో పాతి నీళ్ళు పోసి బతికించింది ఎవరో ఊహించడం కష్టం కాదు.

గురువారం, మోకా, ట్రియానాన్

మోకాలో మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్ ఉంది. వలస వచ్చినవాళ్ళ రిజిస్టర్లు అక్కడే భద్రంగా ఉన్నాయి. నాతో వచ్చింది ఒక తెలుగు టీచరు. ఇక్కడ పుట్టి పెరిగిన అమ్మాయి, ప్రాథమిక బడిలో తెలుగు చెబుతుంది. నన్ను మొదటి నుంచీ "అక్కా" అనే పిలిచింది. ఇంట్లో ఇక్కడి వాడుక భాష క్రియోల్, బడిలో ఫ్రెంచి, ఇంగ్లీషు. తెలుగు కష్టపడి నేర్చుకున్న భాష కాబట్టి ఒక్కో మాటా తూచి మాట్లాడుతుంది.

రిజిస్టరు నకళ్ళు చూపించారు. నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఎత్తు, ఒంటి మీద గుర్తులు, జిల్లా, ఊరు, ఓడ, పంపిన తోట. ఒంటి మీద గుర్తులు రాసిన చోట స్ఫోటకపు మచ్చ, పచ్చబొట్టు, కాలిన గుర్తు. మద్రాసు ఓడల జాబితాల్లో తెలుగువాళ్ళని జెంటూ అని రాశారు. ఇంటిపేరు రాసే గడి లేదు. దాంతో తాత పేరే మనవళ్ళకి ఇంటిపేరయి కూర్చుంది. అందుకే ఇక్కడ అప్పన్నలు, అప్పాడులు వంశాలుగా ఉన్నారు.

ఆడవాళ్ళ వరస దగ్గర ఆగిపోయాను. చాలామందికి పక్కన రాసిన మాట ఒక్కటే: ఫలానా నంబరువాడి భార్య. నంబరు ఇద్దరికీ ఉంది, పని ఒప్పందం మాత్రం అతనికే. మొరీషస్‌లో చాలాకాలం ఆడవాళ్ళు ఎక్కువమంది ఒప్పందం మీద సంతకం చేయకుండానే వచ్చారు. ఫిజీలో, నటాల్‌లో ఆడవాళ్ళని ఒప్పందంలో కట్టేసి పొలంలోకి దింపారు. ఇక్కడ కట్టేయలేదు. పైకి చూస్తే ఇది మేలులా ఉంటుంది. కానీ ఒప్పందం లేని ఆడదానికి తోటవాడు బియ్యం, పప్పు కొలిచి ఇవ్వక్కర్లేదు. జబ్బు చేస్తే ఆసుపత్రి బాధ్యత అతనిది కాదు. కోతల కాలంలో కావాలంటే పిలుస్తాడు, వద్దంటే పొమ్మంటాడు. కలుపు తీసింది, ఎరువు మోసింది, చెరకు ఎండాకు ఒలిచింది, రాళ్ళు ఏరింది. సాయంత్రం ఇంటికొచ్చి వండింది. ఆవుకి గడ్డి కోసింది. ఇందులో ఏ ఒక్క పనీ తోట లెక్కల పుస్తకానికి ఎక్కలేదు. ఈ దీవి చక్కెర చరిత్రలో నాకు అన్నిటికంటే పెద్ద అన్యాయం ఇదే అనిపిస్తుంది. కొరడా దెబ్బకి సాక్ష్యం ఉంటుంది, ఎగ్గొట్టిన జీతానికి ఫిర్యాదు ఉంటుంది. పని అని కూడా అనిపించుకోని పనికి ఏ కాగితమూ ఉండదు.

1860ల నుంచి ఫొటోలు తీయడం మొదలైంది. 1867లో కొత్త కార్మిక చట్టం వచ్చాక, ఒప్పందం పూర్తయిన పాత కూలీలు కూడా ఫొటో అంటించిన పాసు దగ్గర పెట్టుకోవాలి. పాసు లేకుండా రోడ్డు మీద దొరికితే జైలు. 1871లో అడాల్ఫ్ ద ప్లెవిట్జ్ అనే తోట మేనేజరు పాత కూలీల తరఫున 9,401 సంతకాలతో అర్జీ పెట్టాడు. ఆ మీదట విచారణకి ఇంగ్లండు నుంచి రాయల్ కమిషన్ వచ్చింది. మనుషుల్ని వేటాడ్డానికి తీసిన ఆ ఫొటోలే ఇవాళ మనవరాళ్ళకి మిగిలిన ఏకైక ముఖం.

టీచరు ఒక ఫొటో నా వైపు జరిపింది. పాతికేళ్ళుంటాయేమో ఆ మనిషికి. తలమీద కొంగు, రెండు ముక్కులకీ పుడకలు, మెడలో బరువైన వెండి కాసుల పేరు, చేతులకి మోచేతి దాకా కడియాలు. కెమెరా వైపు సూటిగా చూస్తోంది. ఉన్న నగలన్నీ పెట్టుకుని వచ్చింది ఫొటోకి. లేదా ఉన్న నగలన్నీ ఎప్పుడూ ఒంటి మీదే ఉంచుకుంది. బ్యాంకు లేని చోట, తాళం లేని గుడిసెలో అంతకంటే భద్రమైన చోటు ఏముంటుంది? "మా నానమ్మ దగ్గర ఇలాంటి కడియం ఒకటి ఉండేది అక్కా. భూమి కొన్నప్పుడు అమ్మేశారట" అంది టీచరు.

సాయంత్రం మెట్రో ఎక్కి ట్రియానాన్‌లో దిగాం. పక్కన పెద్ద పెద్ద దుకాణాలు, ఆఫీసులు. వాటి మధ్యలో పాత కూలీల లైన్లు. రాతితో కట్టిన పొడవాటి కొట్టం, వరసగా కమానులు, ఒక్కో కమాను వెనక ఒక్కో గది. గది అంటే ఇద్దరు చాపలు పరుచుకుంటే నిండిపోతుంది. మనలో గొడ్లకి ఇంతకంటే విశాలంగా కట్టుకుంటాం. పురిటి నొప్పులు ఇక్కడే పడ్డారు. గోడకి అవతల వేరే భాషవాళ్ళు, ఇవతల వేరే కులంవాళ్ళు. మంత్రసాని ఎవరైతే ఆవిడే అందరికీ అమ్మ. ఓడలో ఒకే నీళ్ళు తాగాక కులం కట్టుబాటు ఎలాగూ సడలింది, దాన్ని పూర్తిగా వదిలించింది పురిటి గదులే అని నా నమ్మకం.

శుక్రవారం, బో ప్లాన్, బెల్ వ్యూ

ఉత్తరానికి వెళ్ళే బస్సులు పోర్ట్ లూయీలో ఇమిగ్రేషన్ స్క్వేర్ దగ్గర ఎక్కాలి. బో ప్లాన్‌లో 1999లో మూతపడిన చక్కెర మిల్లుని మ్యూజియంగా మార్చారు. పెద్ద పెద్ద పళ్ళచక్రాలు, మరుగు బానలు, రకరకాల చక్కెర రుచి చూడ్డానికి చిన్న చిన్న చెంచాలు. బానిసత్వం గురించి, కూలీల గురించి దాచకుండా చెప్పారు. బాగా చేశారు. యంత్రాల ముందు మాత్రం ఎక్కువసేపు నిలబడలేకపోయాను.

బయటికొస్తే సెప్టెంబరు ఎండ, కోతల కాలం. పొలాల మధ్యలో నల్లరాళ్ళ గుట్టలు, కొన్ని ఇంటి ఎత్తున్నాయి. అగ్నిపర్వతం పుట్టించిన నేల ఇది, గుప్పెడు మట్టికి బుట్టెడు రాళ్ళు. వాటిని ఏరి, మోసి, గుట్ట పోస్తే తప్ప చెరకు నాటడానికి వీల్లేదు. ముందు బానిసలు, తర్వాత మన కూలీలు ఆ రాళ్ళెత్తారు. ఈ దేశంలో ఆడకూలీలకి ఎక్కడైనా స్మారకం ఉందా అని అడిగేవాళ్ళకి నేను ముందు ఈ గుట్టల్నే చూపిస్తాను.

పేరున్న స్మారకం కూడా ఒకటుంది. బెల్ వ్యూలో క్రీడా మైదానానికి అంజలై పేరు పెట్టారు. 1943లో బెల్ వ్యూ హరెల్ తోటలో కూలి పెంచమని పనివాళ్ళు సమ్మె కట్టారు. యుద్ధకాలం. బియ్యం దొరకడం లేదు, ధరలు మండిపోతున్నాయి. సెప్టెంబరు 27న పోలీసులు కాల్పులు జరిపారు. నలుగురు చనిపోయారు. అంజలై కూపెన్, కిష్ణస్వామి మునిస్వామి, మున్‌స్వామి మునియెన్, ఇంకా మర్దే పనపెన్ అనే కుర్రాడు. అంజలైకి 32 ఏళ్ళు, కడుపుతో ఉంది. ఒప్పంద కూలీల కాలం ముగిసి అప్పటికి ముప్ఫై ఏళ్ళు దాటింది. కానీ తోట అదే, చెరకు అదే, ఆడకూలీకి తక్కువ కూలి అన్న పద్ధతీ అదే. 1968లో స్వాతంత్ర్యం వచ్చాక కూడా చెరకు తోటల్లో ఆడమనిషికి మగవాడి కంటే తక్కువే ఇచ్చారు.

మైదానం మూసి ఉంది. గేటు దగ్గర కాపలావాడు ఏం కావాలని అడిగితే టీచరు క్రియోల్‌లో చెప్పింది. అతను టోపీ తీసి, తన నాయనమ్మ కూడా ఆ సమ్మెలో ఉందన్నాడు. ఆ రోజు ఆడవాళ్ళు వెనక లేరట, ముందు వరసలోనే ఉన్నారట. పేర్లడిగితే నలుగురైదుగురివి చెప్పాడు. టీచరు రాసుకుంది.

తిరుగు బస్సులో నాకు సరోజినీ నాయుడు గుర్తొచ్చింది. హైదరాబాదులో పుట్టిన మనిషి. 1917 జనవరిలో అలహాబాదులో కూలీ వలసకి వ్యతిరేకంగా మాట్లాడింది. అంతకు ముందు ఫిజీ నుంచి కుంతి అనే ఆడకూలీ కథ వచ్చింది. ఓవర్‌సీర్ మీదికొస్తే నదిలోకి దూకి తప్పించుకున్న మనిషి. అది హిందీ పత్రికలో అచ్చయి ఉత్తరాదినంతా కదిలించింది. ఆడవాళ్ళ సంఘాలు వైస్రాయి దాకా వెళ్ళాయి. 1917 మార్చిలో మిగతా కాలనీలకి కూడా కూలీ వలస ఆగింది. ఇంత పెద్ద వ్యవస్థని కదిలించింది ఆడకూలీల కథలే. అందుకు ఎంతైనా గర్వపడతాను. అయితే ఆ ఉపన్యాసాల్లో అడుగడుగునా వినిపించిన మాట మానం. దేశపు మానం, ఆడదాని మానం. కుంతికి రోజుకి ఎంత కూలి ఇచ్చారు, ఎన్ని గంటలు పని చేయించారు, బిడ్డకి పాలిచ్చే వీలు ఇచ్చారా లేదా అన్నది వేదికల మీద ఎవరికీ పట్టలేదు. శీలం పోయిందా నిలిచిందా అన్నదే కథ అయింది. బెల్ వ్యూలో అంజలై నిలబడ్డది కూలి కోసం. ఆమెని ఆ మాటతోనే గుర్తుపెట్టుకోవాలి.

శనివారం, గేబ్రియల్ దీవి

గ్రాండ్ బే నుంచి కాటమరాన్ పడవలు బయల్దేరతాయి. గంటా గంటన్నర ప్రయాణం. పాట, కాల్చిన చేప, నీళ్ళలో ఈత. ఫ్లాట్ ఐలండ్, దాని పక్కన చిన్నది గేబ్రియల్. నీళ్ళు పచ్చగా, ఇసుక తెల్లగా, కళ్ళు చెదిరేంత అందం. నా పక్కన కూర్చున్న కొత్త జంట పూణే నుంచి వచ్చారు. వాళ్ళకి ఈ దీవి సంగతి చెప్పాలా వద్దా అని ఆలోచించి, వాళ్ళే అడిగితే చెప్పాను.

1856 జనవరిలో కలకత్తా నుంచి హైదరీ, ఫతే ముబారక్ అనే రెండు ఓడలు వచ్చాయి. ఓడలో కలరా. ఊళ్ళోకి రానివ్వకుండా వందలాది మందిని ఈ గేబ్రియల్ దీవి మీద దింపేశారు. తుపానుల కాలం. తలదాచుకోవడానికి ఇల్లు లేదు, సరైన మంచినీళ్ళు లేవు, వైద్యం లేదు. వందల మంది చచ్చిపోయారు. ఆ వార్త వెళ్ళాక భారత ప్రభుత్వం కొన్నాళ్ళు మొరీషస్‌కి కూలీలను పంపడం ఆపేసింది.

దీవి చుట్టూ నడిచాను. పొదలు, ఎండిన పగడపు ముక్కలు, తెల్లటి పొడుగు తోకల సముద్రపు పిట్టలు. నీడనిచ్చే చెట్టు తక్కువ. కలరా ముందు లాగేసేది ఒంట్లో నీళ్ళని. చంటిపిల్లకి పాలివ్వాలంటే తల్లి ముందు నీళ్ళు తాగాలి. ఈ ఇసుక మీద ఆ జనవరి ఎండలో తల్లులు ఏం చేశారో ఆలోచించకుండా ఉండలేకపోయాను. వర్షం పడినప్పుడు కొంగులు పరిచి నీళ్ళు పట్టి ఉంటారు. వేరే దారి లేదు కదా.

పూణే అమ్మాయి నాతో పాటు సగం దూరం నడిచింది. ఒడ్డున నిలబడి చెప్పులు విప్పి నమస్కారం పెట్టింది. తర్వాత వాళ్ళాయన దగ్గరికెళ్ళి ఈత కొట్టింది. రెండూ సరైనవే అనుకున్నాను. ఇక్కడ ఒక్క పలకైనా పెట్టి, ఏం జరిగిందో రెండు వాక్యాలు రాస్తే పడవలు దిగిన ప్రతివాళ్ళూ చదువుతారు. నేను తిరిగినంత మేర నాకది కనబడలేదు.

ఆదివారం, ఫ్లాక్ వైపు

టీచరు వాళ్ళ ఊరు తూర్పున, ఫ్లాక్ జిల్లాలో. ఊరి తెలుగు మందిరంలో ఆదివారం రామభజన. హార్మోనియం, మద్దెల, తాళాలు. మా తాతల నాటి భజన కీర్తనలు, ఉచ్చారణ కాస్త మారి ఉన్నాయి. చదివేది రోమన్ లిపిలో రాసుకున్న పుస్తకంలోంచి. ఈ దేశంలో ఉగాది సెలవు రోజు. అమ్మోరు పండగ చేస్తారు, ఇళ్ళలో సింహాద్రి అప్పన్నకి దీపం పెడతారు. విశాఖ కొండ మీది దేవుడు ఇన్నేళ్ళ తర్వాత కూడా ఇక్కడ ఇంటింటి దేవుడు. పూజారులు తర్వాత వచ్చారు, పుస్తకాలూ తర్వాతే వచ్చాయి. మధ్యలో వందేళ్ళు ఆ దీపాన్ని నిలిపింది వంటగదుల్లో ఆడవాళ్ళే.

భజనయ్యాక టీచరు నన్ను ఒక మామ్మగారి దగ్గరికి తీసుకెళ్ళింది. ఎనభై దాటాయి. చిన్నప్పటి నుంచి నలభై ఏళ్ళు చెరకు తోటలో పని చేసింది. అరచేతులు చూపించింది. వేళ్ళు పూర్తిగా చాచలేదు. తెల్లవారుజామున మూడింటికి లేచి వంట చేసి, తలకి గుడ్డ చుట్టి, పైన గడ్డి టోపీ పెట్టి, కాళ్ళకి పాత గుడ్డలు కట్టుకుని పొలానికి. చెరకాకు కోసేస్తుంది కత్తిలా. "కూలి మగాడికి ఎక్కువ. వరస మాత్రం ఒక్కటే పొడుగు" అంది. తెలుగులో ఆవిడకి వచ్చినవి దేవుడి మాటలు, తిండి మాటలు, తిట్లు. మిగతాది క్రియోల్. టీచరు నాకు తెలుగులో చెప్పింది.

మామ్మగారి అమ్మకి నాయనమ్మ విశాఖ వైపు నుంచి వచ్చిందట. ఒంటరిగా, చంకలో ఆడపిల్లతో. మొగుడు పోయాడా, వదిలేశాడా అన్నది ఎవరికీ ఆవిడ చెప్పలేదు. ఓడలో ఒక మనిషి జ్వరంతో పడి ఉంటే గంజి పోసింది. అతను కోలుకున్నాడు. డిపోలో పేర్లు రాసేటప్పుడు గుమాస్తా అడిగితే ఇద్దరూ మొగుడూ పెళ్ళాలమని చెప్పారు. "ఆవిడే ముందు చెప్పిందట. ఒంటరి ఆడదని రాస్తే ఎవడు తీసుకుపోతాడో తెలీదు కదా" అంది మామ్మగారు.

నేను నోరెత్తలేకపోయాను. గురువారం రిజిస్టరులో చూసిన ఆ మాట వల్ల ఆడవాళ్ళు కనబడకుండా పోయారని నాలుగు రోజులుగా కుమిలిపోతున్నాను. అందులో కొన్ని వాళ్ళే ఆలోచించి రాయించుకున్నవని ఇప్పుడు తెలిసింది. పరాయి దేశంలో అడుగు పెట్టిన గంటలోనే, చేతిలో పిల్లతో, ఆవిడ తనకి కావలసిన కాగితం తను సంపాదించుకుంది.

అతనితో ముప్ఫై ఏళ్ళు బతికింది. ఐదుగురు పిల్లలు, ముగ్గురు దక్కారు. ఇక్కడి చట్టం తాళిని పెళ్ళిగా లెక్కపెట్టలేదు. రిజిస్టరు కాకపోతే పిల్లలు అక్రమ సంతానమే. ఆవిడ రెండు ఆవుల్ని పెంచింది. పాలు అమ్మింది. పెద్ద తోటలు నష్టపోయి భూమిని ముక్కలు చేసి అమ్ముతున్న కాలంలో, ఒంటి మీద వెండి, పాల డబ్బు కలిపి రెండెకరాలకి తక్కువ ముక్క ఒకటి కొంది. ఆ రోజుల్లో అలా కొన్నవాళ్ళ పేర్లలో ఆడవాళ్ళ పేర్లు కూడా ఉన్నాయి. మామ్మగారి ఇల్లు ఆ నేల మీదే ఉంది. పెరట్లో మునగచెట్టు, కరివేపాకు, గేటు దగ్గర ఎర్ర జెండా కట్టిన చిన్న గుడి.

"ఆవిడ పేరేమిటి మామ్మగారూ?" అని అడిగాను.

పేరు ఇంట్లో ఎవరికీ తెలియదు. అందరూ అవ్వ అనేవారు. రిజిస్టరులో ఉండాలి. కానీ మగాయన పేరుతో వెతికితే ఆ పేరువాళ్ళు వందల మంది వస్తారు, అది చాలా సామాన్యమైన పేరు. ఎలా వెతకాలో టీచరు వివరించింది. వలస వచ్చినవాళ్ళకి ఇచ్చిన నంబరు చచ్చేదాకా వాళ్ళతోనే ఉండేది. పెళ్ళి కాగితం, పిల్లల పుట్టుక, చావు, భూమి కొనుగోలు, అన్నిటి మీదా అదే నంబరు రాసేవారు. కాబట్టి భూమి కాగితం దొరికితే చాలు.

"ఉంది" అంది మామ్మగారు. లోపలికెళ్ళి బీరువా తీసిన చప్పుడు వినబడింది. నోటరీ ఫ్రెంచిలో రాసిన పాత కాగితం, మడతల దగ్గర చిరిగి టేపు అంటించి ఉంది. చదవడం ఇంట్లో ఎవరికీ రాదు, పారెయ్యకూడదని మాత్రం తెలుసు. టీచరు కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వేలుపెట్టి వెతికింది. కొనేవారి పేరు దగ్గర సిరా పాకిపోయింది, పేరులో మొదటి రెండక్షరాలే తెలుస్తున్నాయి. పక్కన నంబరు మాత్రం పూర్తిగా ఉంది, ఆరంకెలు. ఫొటో తీసుకుంది.

మంగళవారం పొద్దున్న మోకా వెళ్దామని అనుకున్నారు. ఒరిజినల్ కాగితం, మామ్మగారి గుర్తింపు కార్డు, అమ్మ పుట్టుక సర్టిఫికెట్టు కావాలి. కాగితాలు మనవడికిచ్చి పంపుతానంది ముందు. తర్వాత తనే వస్తానంది. బస్సు ఎక్కడ మారాలి, ఇన్‌స్టిట్యూట్ గేటు నుంచి ఎంత దూరం నడవాలి, ఫొటో దొరికితే పెద్దది చేయించి ఇస్తారా, దానికి ఎంతవుతుంది అని వరసగా అడుగుతూనే ఉంది. టీచరు ఒక్కొక్కదానికే జవాబు చెబుతోంది.